బ్యాటరీకి బెత్తెడు దూరంలో

జనగామలో మా వీధి చివర శ్రీను అనే అతని దుకాణం ఉంది. మోటార్ సైకిళ్లకు అదనపు లైట్లు, హారన్లు, సెల్‌ఫోన్ చార్జర్లు బిగిస్తాడు. ముప్పై ఏళ్లవాడు, చెయ్యి చురుకైనది. రోజూ పొద్దున నేను పోయి ఆ దుకాణం ముందు బెంచీ మీద కూర్చుంటాను. ఎనభై దగ్గరపడిన మనిషిని, నాకు వేరే పనేముంది. మొన్న అతను ఒక కొత్త బండికి రెండు పెద్ద లైట్లు పెడుతున్నాడు. కొత్త తీగను తీసుకుపోయి హెడ్‌లైటు తీగకు చుట్టి, పైన నల్ల టేపు వేసి, అయిపోయిందన్నాడు.

"ఫ్యూజేది?" అన్నాను.

"గింత దానికి ఫ్యూజెందుకు తాతా? అందరు గిట్లనే ఏస్తున్నరు."

నేను అరిచాను. ఏమేం అన్నానో గుర్తులేదు. బండి యజమాని బిత్తరపోయి చూశాడు. శ్రీను మాత్రం ముసలోడికి చాదస్తం అనుకున్నట్టు నవ్వి ఊరుకున్నాడు. ఇంటికొచ్చి ఆ పూట అన్నం ముట్టలేకపోయాను. అతను అడిగిన దానికి సరైన జవాబు నా దగ్గర ఉంది. కానీ అది బెంచీ మీద కూర్చుని చెప్పగలిగింది కాదు. అందుకే రాస్తున్నాను.

యాభై ఏళ్లు బండ్ల కరెంటు పని చేశాను. జనగామలో నేర్చుకున్నాను, మేము మానుకోట అని పిలుచుకునే మహబూబాబాద్‌లో చాలాకాలం చేశాను, భూపాలపల్లి బొగ్గు లారీల దగ్గర ముగించాను. ఎప్పుడు జీతం పెరిగింది, ఎవరు శాలువా కప్పారు అనేవి రాయను. వాటివల్ల ఎవరికీ ఒక్క తీగ కలపడం కూడా రాదు. నేను చేసిన తప్పులు రాస్తాను. వాటిలో ఒకటి తప్పు కూడా కాదు, తెలిసి చేసిన పని.

చాంద్ ఉస్తాద్

నిజాం రాజ్యాన్ని ఇండియాలో కలిపిన పోలీసు చర్య జరిగి ఏడాది కావస్తున్న రోజులు. నాకు ఇరవై రెండేళ్లు. మాది దేవరుప్పుల అవతల చిన్న ఊరు, పేరు రాయను. మా నాయిన కమ్మరి. కొలిమి ముందు కూర్చోవడం ఇష్టం లేక జనగామ వచ్చి చాంద్ ఉస్తాద్ దగ్గర చేరాను. నేను చెప్పబోయే నాటికి నాలుగేళ్లు పూర్తయి, పని చేతికొచ్చి, ఆయన లేనప్పుడు దుకాణం నడిపేవాణ్ని.

ఉస్తాద్ యాభై దాటిన మనిషి. సన్నగా పొడుగ్గా ఉండేవాడు. గొంతు ఎప్పుడూ పెంచడు. తిట్టాల్సివస్తే పని ఆపి మన ముఖంలోకి చూస్తాడు, అంతే. దానికంటే చెంపదెబ్బ నయమనిపించేది. యుద్ధకాలంలో ఏదో వర్క్‌షాపులో లారీలకు పని చేసి వచ్చాడు. గాలి మారిపోయిన ఆ ఏడాది ఆయన నమాజుకు పోయేటప్పుడు కూడా పక్కచూపులు చూసుకుంటూ పోవాల్సి వచ్చేది. ఎవరితోనూ ఏమీ అనేవాడు కాదు. పని, ఇల్లు, మసీదు, అంతకుమించి ఎటూ తిరిగేవాడు కాదు.

అప్పట్లో ఈ చుట్టుపక్కల మోటార్ సైకిళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. యుద్ధం అయిపోయాక సైన్యం వదిలించుకున్న పాత బండ్లవి. వాటిలో చాలావాటికి ఫ్యూజే ఉండేది కాదు. బ్యాటరీ నుంచి తీగ నేరుగా స్విచ్చికి పోయేది. గుడ్డ చుట్టిన తీగ ఎక్కడ ఒరుసుకుపోయి ఇనుముకు తగిలినా మొత్తం కాలిపోవాల్సిందే.

ఫ్యూజంటే కావాలని పెట్టిన బలహీనమైన ముక్క. కరెంటు మితిమీరితే మిగతా తీగ వేడెక్కేలోపు అది తెగిపోవాలి. అది బ్యాటరీకి బెత్తెడు దూరంలో ఉండాలనేవాడు ఉస్తాద్. దూరంగా పెడితే బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న తీగకు కాపలా ఎవరు? ఆయన రెండో మాట ఇది: "కొత్తదానికి కొత్త తొవ్వ. పెద్దలైటు తొవ్వల ఎవ్వర్ని నడిపియ్యొద్దు." అంటే మనం బిగించే ప్రతి కొత్త వస్తువుకూ బ్యాటరీ నుంచి వేరే తీగ, దానికి వేరే ఫ్యూజు. హెడ్‌లైటు తీగను ముట్టుకోవద్దు.

మూడోది మా దుకాణం ఆచారం. దాన్ని మేము కాల్చి చూపుడు అనేవాళ్లం. పని అయ్యాక, యజమాని చూస్తుండగా, బండి హెడ్‌లైటు వెలిగించి, కొత్త తీగ కొసను కావాలని బండి ఇనుముకు ఆనించాలి. టప్పున ఫ్యూజు పోవాలి. హెడ్‌లైటు మాత్రం చెక్కుచెదరకుండా వెలుగుతూ ఉండాలి. అప్పుడు కొత్త ఫ్యూజు వేసి బండి అప్పగించాలి. మంచి ఫ్యూజును దండుగ చేస్తున్నారని గొణిగేవాళ్లు. ఉస్తాద్ వినేవాడు కాదు. మా దుకాణంలో కాల్చి చూపనిది బండి గడప దాటదని జనగామ అంతటా తెలుసు.

మరిపెడ కాంపౌండరు

దీని విలువ నాకు ఒక చీవాట్ల పూట తెలిసింది. మరిపెడలో ఒక కాంపౌండరు ఉండేవాడు. డాక్టరు లేని ఊళ్లకు తనే డాక్టరై మోటార్ సైకిల్ మీద తిరిగేవాడు. ఆయన బండికి నేను కొత్త హారను బిగించాను. తీగను హ్యాండిల్ మెడ దగ్గర అందంగా, బిగించి కట్టాను. హ్యాండిల్ తిరిగినప్పుడల్లా ఆ తీగ ఇనుముకు రాసుకుంటుందని ఆలోచించలేదు. నెల తిరక్కముందే గుడ్డ అరిగి రాగి బయటపడింది.

కాంపౌండరు దుకాణం ముందు బండి దిగుతూనే అందుకున్నాడు. "ఏం పోరన్ని పెట్టుకున్నవ్ ఉస్తాద్? నడితొవ్వల హారను సచ్చిపాయె. బర్రెలు అడ్డమొస్తే నోటితోని అరుసుకుంట వచ్చిన!"

ఉస్తాద్ తీగను వేలితో తడిమి చూశాడు. "పెద్దలైటు ఎలిగిందా?"

"ఎలిగింది."

"బండి కాలలే గద?"

"కాలలే."

"హారను ఒక్కటే సచ్చింది. నువ్వు ఇల్లు జేరినవ్. ఇంకేం గావాలె?" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "మెడ కాడ జర వదులు ఇడువు. తీగ గూడ మెడ తిప్పుకోవాలె" అన్నాడు. ఈనాటికీ బండ్ల తీగలు ఎక్కువగా తెగేది అక్కడే. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకున్నా మీ దుకాణానికి సగం తిట్లు తగ్గుతాయి.

చిన్నదొర లైటు

దొరల మీద తిరగబడ్డ రైతుల సంఘం జోరుగా ఉన్నప్పుడు ఊళ్లొదిలి పట్నం పోయిన దొరల కుటుంబాలు, పోలీసు క్యాంపులు పడ్డాక వాటి వెనుకే మళ్లీ ఊళ్లకు వచ్చాయి. మా ఊరి దొర కొడుకు కూడా అట్లాగే వచ్చాడు. మేము చిన్నదొర అనేవాళ్లం. పట్నంలో చదువుకున్నవాడు. ఒక సైన్యపు మోటార్ సైకిల్ కొనుక్కొచ్చాడు. సంఘంలో ఉన్నవాళ్ల ఇళ్లు, వాళ్లు దాక్కునే తావులు క్యాంపువాళ్లకు చూపించేది అతనే. రాత్రిపూట చేలలో పడుకునేవాళ్లను పట్టడానికి అతనికొక ఉపాయం తోచింది. బండి వెనుక సీటు పక్కన నిలువు కడ్డీ మీద, ఎటంటే అటు తిరిగే పెద్ద స్పాట్‌లైటు పెట్టాలి. తాను బండి నడుపుతాడు, వెనుక కూర్చున్నవాడు చేల మీదికి లైటు కొడతాడు. వచ్చే శుక్రవారం బండి తెస్తానని కబురు పంపాడు. ఉస్తాద్ సరేనన్నాడు. కాదంటే మర్నాడు దుకాణం ఉండదు.

గురువారం పొద్దున మా అక్క ఎల్లవ్వ జనగామ వచ్చింది. ఆమెను మా ఊళ్లోనే ఇచ్చాం. బావ సంఘంలో తిరుగుతున్నాడు, ఇంటికొచ్చి నాలుగు నెలలైంది. అక్క దుకాణం లోపలికి రాలేదు. ఎదురుగా ఉన్న కట్టెల అడితి పక్కన నిలబడి నన్ను చేత్తో పిలిచింది.

"గా లైటు నువ్వే పెడుతున్నవట గద తమ్మీ?"

"దొర పంపిండక్కా. ఉస్తాద్ ఒప్పుకున్నడు. నేనేం జెయ్యాలె?"

"వట్టి లాంతర్లు పట్టుకొని తిరిగితెనే మొన్న ఇద్దరు దొరికిండ్రు. గా లైటు ఎలిగిందంటె జొన్నచేన్ల ఎలుకపిల్ల గూడ దాగలేదు. మీ బావ గా చేన్లల్లనే ఉన్నడు." కొంగుతో మూతి తుడుచుకుంది. "నాకు ఐదో నెల. నువ్వేం జేస్తవో నాకు తెల్వది. నేను పోతున్న."

నిజంగానే వెళ్లిపోయింది, మంచినీళ్లు కూడా తాగలేదు. ఆ రోజంతా నా చేతులు పని చేశాయి, బుర్ర వేరేచోట ఉంది. సాయంత్రానికి నాకొక దారి తోచింది. ఎంతో తెలివైన దారి అనుకున్నాను.

స్పాట్‌లైటుకు వేరే తీగ, వేరే ఫ్యూజు పెట్టను. హెడ్‌లైటును, స్పాట్‌లైటును కలిపి ఒకే ఫ్యూజు మీద నడుపుతాను. ఆ ఫ్యూజులో ఒక్క సన్నని రాగి పోగు వేస్తాను. హెడ్‌లైటు ఒక్కటే వెలిగితే ఆ పోగు ఆగుతుంది. స్పాట్‌లైటు కూడా వెలిగితే కాసేపు ఓర్చుకుని తెగుతుంది. రెండు లైట్లూ పోతాయి. ఒక్క స్పాట్‌లైటే పోతే హెడ్‌లైటు వెలుగులో చిన్నదొర క్యాంపు నుంచి మా ఊరిదాకా పోతాడు. రెండూ పోతే చీకట్లో ఏం చేయలేక తిట్టుకుంటూ వెనక్కి మళ్లుతాడు. ఇదీ నా లెక్క.

లచ్చయ్య

శుక్రవారం మధ్యాహ్నం ఉస్తాద్ నమాజుకు పోయిన వేళకు చిన్నదొర వచ్చాడు. బండి నాకు అప్పగించి, ఊళ్లో పని చూసుకు వస్తానని పోయాడు. అతని వెనుక కూర్చుని వచ్చిన మనిషిని దుకాణంలోనే వదిలిపోయాడు. అతను మా ఊరి లచ్చయ్య. దొరవారి కోటలాంటి ఇల్లు, గడిలో జీతగాడు. నలభై ఏళ్లుంటాయి. వాళ్ల నాయిన కూడా ఆ గడిలోనే చాకిరీ చేస్తూ పోయాడు. నా చిన్నప్పుడు లచ్చయ్య మా కొలిమికి బొగ్గులు తెచ్చి, నాకు రేగుపండ్లు ఇచ్చేవాడు.

లచ్చయ్య లోపలికి రాకుండా గడప బయట గొంతుక్కూర్చున్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"నువ్వెందుకొచ్చినవ్ కాకా?" అన్నాను పని చేస్తూ.

"గా లైటు తిప్పేది నేనేనట బిడ్డా. దొర బండి నడుపుతడు, నేను ఎనక కూసొని చేన్ల మీదికి గొట్టాలె. జర ఎట్ల తిప్పాల్నో నాకు జెప్పు. తప్పు తిప్పితే తంతడు."

నేను విన్నాను. చాలా స్పష్టంగా విన్నాను. నా చేతిలో ఆ సన్నని పోగు అప్పుడే ఉంది. దాన్ని ఫ్యూజు గూట్లో బిగిస్తూ విన్నాను. ఆ మాటకు, నా చేతిలోని పోగుకు సంబంధం ఉందని నా బుర్రలో ఏదో ఒక మూల తెలుసు. ఆ మూలకు నేను పోలేదు.

పని అయ్యాక అతన్ని బలవంతాన లోపలికి పిలిచి, కడ్డీ ఎట్లా పట్టుకోవాలో, స్విచ్చి ఎక్కడుందో చూపించాను. దుకాణం వెనుక గోడ చీకటిగా ఉండేది. లచ్చయ్య స్విచ్చి వేయగానే ఆ గోడంతా తెల్లగా వెలిగింది.

"అబ్బ, ఎన్నెల లెక్క ఉన్నది!" అన్నాడు. లైటును గోడ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాడు, మళ్లీ వెనక్కి తిప్పాడు. అతను అట్లా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఇంకాసేపుంటే నా పోగు అక్కడే తెగిపోతుంది. చేయి చాపి స్విచ్చి ఆపేశాను.

"బ్యాటరీ అయిపోతది కాకా."

"అయ్యో, తప్పయింది బిడ్డా" అన్నాడు.

చిన్నదొర బండి ఎక్కేవేళకు ఉస్తాద్ నమాజు నుంచి వచ్చాడు. కొత్త లైటును, కడ్డీని, తీగ పోయిన దారిని ఒకసారి చూశాడు. ఫ్యూజు సీటు కింద ఉంది, పైకి కనపడదు. నన్ను ఒక్కటే అడిగాడు.

"కాల్చి చూపినవా?"

"చూపిన ఉస్తాద్" అన్నాను.

బండి వెళ్లిపోయింది. వెనుక కూర్చున్న లచ్చయ్య రెండు చేతులతో ఆ కడ్డీని పట్టుకుని నావైపు చూసి తల ఊపాడు.

ఎడ్లబండి మీద వచ్చిన మోటార్ సైకిల్

ఆదివారం పొద్దున ఆ మోటార్ సైకిల్ ఎడ్లబండి మీద మా దుకాణానికి వచ్చింది. ముందు చక్రం వంకరపోయింది. వెంట గడి గుమాస్తా, కర్రలు పట్టుకున్న నలుగురు మనుషులు ఉన్నారు. జరిగింది గుమాస్తా చెప్పాడు.

శనివారం చీకటి పడ్డాక చిన్నదొర క్యాంపు నుంచి మా ఊరివైపు బయలుదేరాడు. మా ఊరి చేలు మొదలయ్యే చోట స్పాట్‌లైటు వేయమన్నాడు. లచ్చయ్య వేశాడు. బండి జోరుగా పోతూ ఉంది. ముందు కాలువ మీద రాతి మోరీ ఉంది, దాని దగ్గర దారి మలుపు తిరుగుతుంది. సరిగ్గా ఆ మలుపులో లైట్లన్నీ ఒక్కసారే పోయాయి.

"లైట్లు పోయినయి గని ఇంజను ఆగలే" అన్నాడు గుమాస్తా.

ఆగదు. పని నేర్చుకునేవాళ్లు ఇది తెలుసుకోవాలి. ఆ బండ్ల ఇంజనుకు నిప్పు మాగ్నెటో ఇచ్చేది. దానికి బ్యాటరీతో పనిలేదు. ఫ్యూజు పోతే లైట్లు పోతాయి, బండి మాత్రం అదే వేగంతో చీకట్లోకి పోతూనే ఉంటుంది. ఇది నాకు తెలియదా? ఉస్తాద్ దగ్గర మొదటి నెలలో నేర్చుకున్న పాఠమది. దొర తిట్టుకుంటూ వెనక్కి మళ్లుతాడని లెక్క వేసిన నేను, మళ్లే ముందు బండి ఆగాలని లెక్క వేయలేదు.

చిన్నదొర మోరీ పక్క బురదలో పడ్డాడు. భుజం విరిగింది. లచ్చయ్య మోరీ రాళ్ల మీద పడ్డాడు. అక్కడికక్కడే ప్రాణం పోయింది. చేతిలో ఆ కడ్డీ అట్లాగే ఉందట, వదల్లేదట.

"లైటు ఎందుకు పోయిందో జూడు" అన్నాడు గుమాస్తా ఉస్తాద్‌తో.

ఉస్తాద్ సీటు కింద చేయి పెట్టి ఫ్యూజు గూడు బయటికి తీశాడు, మూత విప్పాడు. రెండు లైట్లకు ఒకే గూడు. అందులో ఒక్క పోగు, నడిమికి తెగి, రెండు కొసలూ నల్లబడి ఉన్నాయి. ఆయన దాన్ని చూసింది లిప్తపాటే. తర్వాత నన్ను చూశాడు. నేను చేసే తప్పులన్నీ చూసిన చూపే, కానీ ఈసారి అందులో కోపం లేదు. ఏదో ప్రశ్న ఉంది. అడగకముందే జవాబు దొరికినట్టు తల తిప్పుకున్నాడు. మా బావ సంగతి ఆయనకు తెలుసు.

"గిది నా చేతి పని" అన్నాడు. "పోరడు లైటు బిగించిండు గని ఫ్యూజు నేనే కట్టి పెట్టిన. తీగ సన్నది పడ్డది. చూసుకోలే. తప్పు నాది."

"మీ దుకాణంల కాల్చి చూపంది పంపరు గద?"

"గా దినం చూపలే. నమాజుకు తొందరైంది."

ఆ మాట చాలింది వాళ్లకు. ఆయన పేరు, ఆయన టోపీ, ఆ ఏడాది, ఆ ఊరు. నమాజు మాట వినగానే నలుగురూ దగ్గరికి జరిగారు. ఎవరు చెప్తే చేశావని గుమాస్తా అడిగాడు. ఉస్తాద్ ఎవరూ చెప్పలేదన్నాడు. జుబ్బా పట్టుకుని ఎడ్లబండి ఎక్కించారు.

నేను చేశానని చెప్పడానికి నోరు తెరిచానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు నిజం రాస్తున్నాను. తెరవలేదు. చేతిలో స్క్రూడ్రైవర్ పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

ఉస్తాద్ చేతులు

పదకొండో రోజున గడి నుంచి ఆయన్ని వదిలారు. ఎవరు చెప్తే చేశావని రోజూ అడిగారట. కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటిగా విరిచారు. దవాఖానలో కట్లు కట్టారు కానీ వేళ్లు మళ్లీ తిన్నగా రాలేదు. బొటనవేలు, చూపుడు వేలు కలవవు. ఆ రెండు వేళ్లు కలవనివాడు తీగ పట్టలేడు.

నేను వాళ్ల ఇంటికి పోయి కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఏడ్చాను. ఆయన పని సంగతే మాట్లాడాడు.

"పెద్దలైటును దాంట్ల ఎందుకు కలిపినవ్?"

చెప్పాను. పెద్దలైటు ఉంటే ఊరిదాకా పోతాడని కలిపానన్నాను.

"అరె సత్తీ" అన్నాడు, దుకాణంలో నన్ను పిలిచే పేరుతోనే. "పెద్దలైటు తొవ్వ మీద పడతది, చేన్లకు పోదు. మీ బావకు గది కోసు దూరంకెల్లి కనబడతది. లేసి పోతడు. పట్టిచ్చేది స్పాట్‌లైటు ఒక్కటే. నాకు జెప్తే దానికి వేరే ఫ్యూజు పెట్టి, గా సన్న పోగు దాంట్ల ఏస్తుంటి. గది ఒక్కటే సచ్చేది. పెద్దలైటు ఎలుగుతనే ఉండేది." కట్లు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకున్నాడు. "లచ్చయ్య ఇంటికొచ్చేటోడు."

నేను ఆ కట్లనే చూస్తూ కూర్చున్నాను.

"నాకు జెప్పకపోతివి. అడిగితే చూపిన అంటివి" అన్నాడు. అంతే. ఆ తర్వాత బతికినన్నాళ్లు ఆ ముచ్చట ఎత్తలేదు. నన్ను క్షమించానని కూడా అనలేదు. నేను అడగలేదు.

ఆ మాట యాభై ఏళ్లకు పైగా నాతో ఉంది. ఆయన నేర్పిన పద్ధతిలోనే చేసి ఉంటే బావా బతికేవాడు, లచ్చయ్యా బతికేవాడు, ఆయన వేళ్లూ మిగిలేవి. పోరాటంలో ఉన్నవాళ్ల కోసం చేశాను కాబట్టి నా చేయి శుభ్రమని కొన్నాళ్లు సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. నేను పని చెడగొట్టడానికి కూడా పని సరిగ్గా చేయలేదు.

బావ దొరకలేదు. పోరాటం విరమించాక ఇంటికొచ్చి, వ్యవసాయం చేసుకుని, ముసలితనంలో పోయాడు. అక్క ఒక్కసారే అడిగింది. "లచ్చయ్య పోయింది నీ చేతులనేనా?" అవునన్నాను. బిడ్డను చంకనేసుకుని లోపలికి పోయింది. మళ్లీ అడగలేదు.

ఉస్తాద్ చెప్పేవాడు, నేను చేసేవాణ్ని. మరో ఆరేళ్లు దుకాణం అట్లా నడిచింది. ఆయన పోయాక జనగామలో ఉండలేక మానుకోట వెళ్లాను.

తర్వాతి పని

ఆ తర్వాత నలభై ఏళ్లలో నేను గొప్పగా చేసిందేమీ లేదు. ఒక్కటే మొండిగా పట్టుకున్నాను. భూపాలపల్లిలో ఒక మేనేజరు ఉండేవాడు. పేరెందుకు, ఇప్పుడు లేడు. ఫ్యూజులు అయిపోతే సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి లారీ పంపమనేవాడు. అందరూ పంపేవాళ్లు. నేను పంపనని కూర్చునేవాణ్ని. లారీ నిలబడ్డ ప్రతిసారీ అందరి ముందు నన్ను దున్నపోతని తిట్టేవాడు. తిట్టనిచ్చాను. వెండి కాగితం తెగదు, దాని బదులు తీగ కాలుతుంది, తీగ తర్వాత లారీ, లారీలో మనిషి. మేనేజరు ఆఫీసులో ఉంటాడు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు చెప్పేది ఇదే. మీ పై మనిషి వద్దన్నా ఫ్యూజు పెట్టండి. బ్యాటరీకి బెత్తెడు దూరంలో పెట్టండి. ఆ వస్తువు ఎంత కరెంటు తింటుందో దానికంటే కాస్త ఎక్కువ తట్టుకునేది వేయండి, తీగ తట్టుకునేదానికంటే మాత్రం తక్కువే ఉండాలి. మెడ దగ్గర వదులు విడవండి. హెడ్‌లైటు తీగ జోలికి పోకండి. కాల్చి చూపించండి. అన్నిటికంటే ముందు, ఆ బండి మీద ఎవరు కూర్చుంటారో అడగండి. చెప్తే విననట్టు ఉండకండి.

బెంచీ

లచ్చయ్యకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడు జనగామ వచ్చి హమాలీ పని చేశాడు. ఆయన కొడుకే శ్రీను. పనినుంచి దిగిపోయి నేను మళ్లీ జనగామ చేరడానికి, ఈ వీధిలోనే ఇల్లు తీసుకోవడానికి, రోజూ ఆ బెంచీ మీద కూర్చోవడానికి కారణం అదే. వాళ్లింట్లో అందరికీ తెలిసింది ఒక్కటే, తాత దొర బండి మీదనుంచి పడి పోయాడని. ఎందుకు పడ్డాడో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను.

నిన్న మళ్లీ పోయాను. మొన్న అరిచినందుకు సిగ్గుపడుతూ పోయాను. ఆ బండి ఇంకా అక్కడే ఉంది. శ్రీను ఏమనుకున్నాడో, కొత్త లైట్లకు వేరే తీగ లాగి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాడు. నేను కాల్చి చూపమన్నాను. హెడ్‌లైటు, కొత్త లైట్లు వెలిగించి, కొత్త తీగ కొసను ఇనుముకు ఆనించాడు. టప్పుమంది. కొత్త లైట్లు ఆరిపోయాయి.

"పెద్దలైటు ఆరలే తాతా!" అన్నాడు. వాళ్ల తాత నవ్వే నవ్వాడు.

"ఆరొద్దు బిడ్డా" అన్నాను.

ఈ కాగితాలు రేపు పొద్దున అతనికే మొదట ఇస్తాను. చదివాక నన్ను ఆ బెంచీ మీద కూర్చోనిస్తాడో లేదో అతని ఇష్టం.